రంగులరాట్నం తిప్పిన డైరెక్టరు

గాలి జోరు పెరిగిందని పదకొండున్నరకి ఎత్తు రైడ్లన్నీ ఆపేశారు. పన్నెండుకి వాన కూడా అందుకుంది. ఎల్లెమోసె పార్కుకి ఆ రోజు వచ్చిన కొద్దిపాటి జనం పిల్లల్ని లాక్కుని లోపలి ఆటల హాల్లోకి దూరారు. చేసేందుకు పనిలేని సిబ్బంది అలవాటు ప్రకారం బోదిల్ సాసేజ్ కొట్టు ముందున్న రేకుల కిందికి చేరారు.

విబెకె కూడా గొడుగు పట్టుకుని అక్కడికే నడిచింది. ఆమె ఆ పార్కుకి డైరెక్టరు. వచ్చి ఐదు నెలలైంది. అంతకుముందు ఓర్‌హుస్‌లో ఓ పెద్ద హోటల్ నడిపింది. హోటల్లో ఏ పని ఎప్పుడు చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది. ఇక్కడ మాత్రం వారం రోజులుగా ఒక్క చిన్న ప్రశ్నకి జవాబు తోచక అవస్థ పడుతోంది.

ప్రశ్న కోపెన్‌హాగన్‌లో ఉండే యజమానుల దగ్గర్నుంచి వచ్చింది. ఇకమీదట ప్రతి శనివారం పార్కు అధికారులందరూ ఆఫీసు వదిలి కిందికి దిగాలి. టికెట్లు చింపేవాళ్లతో, ఊడ్చేవాళ్లతో, రైడ్లు నడిపేవాళ్లతో కలిసి పనిచేయాలి. చేస్తున్నట్టు జనానికి కనబడాలి కూడా. అందుకోసం బంగారు రంగు బ్యాడ్జీలు చేయించి పంపారు. మొదటి శనివారం ఫొటోలు తీసేందుకు మనిషి వస్తాడు. నీకు సమ్మతమేనా, గురువారం సాయంత్రంలోగా తెలియజేయి అని రాశారు. ఇవాళ గురువారం.

మొదట సమ్మతమేననుకుంది. అనుకునే పోయిన ఆదివారం ఎవరూ చెప్పకుండానే ఆ బ్యాడ్జి తగిలించుకుని, గుట్ట మీదనుంచి నీళ్లలోకి జారే దుంగ పడవల రైడ్ దగ్గర నిలబడింది. అక్కడ పని యెప్పెది. ముప్పై నాలుగేళ్ల మనిషి, తొమ్మిదేళ్లుగా అదే రైడ్ నడుపుతున్నాడు. ఆమె పక్కకి రాగానే అతను ప్రతి మీటా రెండేసిసార్లు నొక్కి చూసుకోవడం మొదలెట్టాడు. జనమేమో బ్యాడ్జి చూసి ఆమె చుట్టూ మూగారు. ఒకాయనకి పార్కింగ్ నచ్చలేదు. ఒకావిడ ఐస్‌క్రీం కరిగిపోయింది. ఒక తాతకి ముప్పై ఏళ్ల కిందట ఇక్కడ పోగొట్టుకున్న టోపీ కావాలి. ఆ గొడవలో యెప్పె ముందు పడవ కదలకుండానే వెనక గేటు తెరిచాడు. యంత్రం దానంతటదే ఆగిపోయింది. పన్నెండు మంది తడిసిన బట్టలతో గుట్ట మీద, పడవల్లో, నలభై నిమిషాలు కూర్చున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, రూలు ప్రకారం యెప్పె మీద ఒక హెచ్చరిక కాగితం తయారైంది. దాని మీద సంతకం పెట్టింది విబెకె.

అప్పట్నుంచీ ఆమెకి ఏమీ పాలుపోవడం లేదు. పైనే కూర్చుంటే, కింద మా పాట్లు ఈవిడకేం తెలుసంటారు. దిగితే పని చెడుతోంది. రెండూ నిజమే అయితే ఏం రాయాలి?

ఆమె వెళ్లేసరికి మిగతావాళ్లు వెళ్లిపోయి రేకుల కింద ఇద్దరే మిగిలారు. ఒకడు యెప్పె. ఆమెని చూసి బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చాడు, మొహం మాత్రం కాఫీ కప్పులోకే పెట్టుకున్నాడు. రెండోవాడు రంగులరాట్నం టోర్‌కిల్. అరవై ఏడేళ్లొచ్చినా పని మానని మనిషి. ఆయన నోరు తెరిస్తే వచ్చే కోతల సంగతి పార్కులో అందరికీ తెలుసు. కొట్టు లోపల బోదిల్ సాసేజ్‌లు తిప్పుతోంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది. సిబ్బంది తరఫున పైవాళ్లతో మాట్లాడేదీ ఆవిడే.

విబెకె ఒక కాఫీ, ఒక సాసేజ్ తీసుకుంది. ఉల్లిపాయ వేపుడు ఎక్కువ వేయమంది. రేకు మీద వాన చప్పుడొక్కటే.

"శనివారం సంగతి మీకు తెలిసే ఉంటుంది," అందామె. "అధికారులు మీతోపాటు నిలబడి పనిచేయాలా, వద్దా? నాకు నిజంగా అర్థం కావడం లేదు. మీరు చెప్పండి."

బోదిల్ ఒక సాసేజ్‌ని అవసరం లేకపోయినా ఇంకోసారి తిప్పింది. టోర్‌కిల్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ ప్రశ్న పదహారేళ్ల కిందటే తేలిపోయిందమ్మాయ్. తేల్చింది నేనే."

"అయిపోయాం," అన్నాడు యెప్పె మెల్లగా.

"వినవయ్యా, గాలి తగ్గేదాకా నీకు వేరే పనేముంది. అప్పట్లో ఐనార్ అని ఓ డైరెక్టరుండేవాడు. పొడుగ్గా, వెదురుబొంగులా, ఎప్పుడూ కోటూ టై. రోజూ మా రాట్నం పక్కనుంచి వెళ్తూ 'ఎలా ఉంది టోర్‌కిల్?' అనేవాడు. నేను 'తిరుగుతోంది' అనేవాణ్ణి. పదేళ్లలో మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే. ఒకరోజు నాకెందుకో ఒళ్లు మండింది. ఎలా ఉంది అన్నాడు. నేనేం అనలేదు. నా చేతిలో నూనెగుడ్డ ఉంటే తీసి ఆయన చేతిలో పెట్టాను. 'ఎలా ఉందో నువ్వే తుడిచి చూడు' అన్నాను. డైరెక్టర్ని పట్టుకుని అంత మాట ఈ పార్కులో అప్పటిదాకా ఎవరూ అన్లేదు."

"ఏం చేశాడు?" అంది విబెకె.

"ఏం చేస్తాడు, తుడిచాడు. కోటు విప్పి గుర్రం మెడకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, ఒక్క గుర్రాన్ని తుడిచాడు. బూడిద రంగుది, లోపలి వరసలో మూడోది."

విబెకెకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంత తేలికా అనుకుంది. బ్యాడ్జీలు, ఫొటోలు అక్కర్లేదు, ఎవరైనా ఒక గుడ్డ చేతిలో పెడితే చాలు. ఇదేదో రాయదగ్గ మాటే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు టోర్‌కిల్, కప్పు పక్కన పెట్టి. "ఆ గుర్రం మెరిసింది చూడు, అలా ఇలా కాదు. ఆడవాళ్లు దాని పొట్టలో మొహం చూసుకుని లిప్‌స్టిక్ దిద్దుకునేవాళ్లు. సిల్కెబోర్గ్ నుంచి ఓ పళ్ల డాక్టరు రోజూ గడ్డం గీసుకోవడానికి దాని దగ్గరికే వచ్చేవాడు. దాని వెలుగు కళ్లలో కొడుతోందని బస్సు డ్రైవర్లు ఊళ్లో ఫిర్యాదు చేశారు, దాంతో ఎండ కాసే రోజుల్లో దుప్పటి కప్పాల్సొచ్చింది."

"మనకి ఎండ కాసే రోజులెన్నిలే," అంది బోదిల్ లోపల్నుంచి.

"ఏడాదికి నాలుగు. ఆ నాలుగు రోజులూ కప్పాం. సరే, తుడిచినవాడు ఊరుకున్నాడా? నేను కూడా తిప్పుతానన్నాడు. మీట ఎలా పట్టుకోవాలో నేర్పించాను. పట్టుకున్నాడమ్మా, ఏం చెప్పను, రాట్నం తిరుగుతోందో ఆగిందో కూడా తెలీనంత మెత్తగా తిప్పాడు. ఇరవై ఆరు గుర్రాల మీద ఇరవై ఆరుగురూ నిద్రపోయారు. గురక. లేపితే లేవరు. చివరికి ఓర్‌హుస్ బస్సు తెప్పించి, గుర్రాలతో సహా ఎక్కించి, ఎవరిళ్ల దగ్గర వాళ్లని దించి, గుర్రాల్ని మాత్రం వెనక్కి తెచ్చుకున్నాం. ఒకాయన క్రిస్మస్‌కి లేచాడట."

యెప్పెకి నవ్వొచ్చింది. తను విబెకె పక్కనే కూర్చుని నవ్వానని గుర్తొచ్చి మళ్లీ కప్పులోకి చూశాడు. అది ఆమె కంటపడింది. ఆమె సాసేజ్ పక్కన పెట్టేసింది. ముసలాయన నన్ను ఆటపట్టిస్తున్నాడా, ధైర్యం చెబుతున్నాడా? డైరెక్టరు దిగితే పని బాగుపడుతుందంటున్నాడా, లేక దిగినవాళ్ల వల్ల జనం క్రిస్మస్ దాకా నిద్రపోతారంటున్నాడా?

"ఇక చూడు, ఆ కబురు పాకింది. డైరెక్టరు చొక్కా చేతులు మడిచి పనిచేస్తున్నాడట, చూడాలట. రైడ్లు ఎక్కడం మానేశారు జనం. క్యూ అంతా మా రాట్నం దగ్గరే. రాట్నం దగ్గర మొదలై, గేటు దాటి, చర్చి వెనకనుంచి, పశువుల పొలాల మీదుగా పోయి పోయి సముద్రంలో దిగింది క్యూ. తోకలో ఉన్నవాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డారు. అక్కడ ఒకావిడకి కాన్పయింది. ఆ పిల్ల క్యూలోనే పాకి, క్యూలోనే నడక నేర్చుకుని, టికెట్ కిటికీ దగ్గరికి వచ్చేసరికి తొంభై సెంటీమీటర్లు దాటింది. ఇంక ఉచితం కాదు, టికెట్ కొనాల్సిందే అన్నాను. రూలు రూలే."

"అప్పుడు కూడా రూలేనా?" అన్నాడు యెప్పె. మాటలో కాస్త ములుకు ఉంది. విబెకె చెవులు వేడెక్కాయి.

టోర్‌కిల్ అది పట్టించుకోలేదు. "అసలు కథ ఇక్కడుంది. ఐనార్‌కి వచ్చిన పేరు చూసి మిగతా అధికారులకి కడుపుమండింది. లెక్కల విభాగం పెద్దాయన దిగొచ్చి ఐస్‌క్రీం గీకడం మొదలెట్టాడు. సిబ్బంది విభాగం ఆవిడ బాతు వేషం వేసుకుంది, మళ్లీ విప్పమంటే ఒప్పుకోలేదు, ఆ వేషంలోనే సంతకాలు పెట్టేది, కాగితాలన్నిటి మీదా ఈకలు. ఇద్దరు లాయర్లు పాప్‌కార్న్ దగ్గర. మరుగుదొడ్ల దగ్గర ఎవరు ఊడవాలని ముగ్గురు ఉపాధ్యక్షులు చీపురు పట్టుకుని లాక్కున్నారు. ఆఫీసులో మనిషన్నవాడు లేడు. ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తే దిక్కు లేదు. నాకు జాలేసింది. పైకెళ్లి ఒకటి ఎత్తాను. అంతే, మూడు వారాలు డైరెక్టర్నైపోయాను."

"డైరెక్టరుగా ఏం చేశావేంటి?" అంది బోదిల్.

"పెద్ద పనేం కాదు అది. పొద్దున్నే కాఫీ. కాగితం వస్తే కప్పు దాని మీద పెట్టి తీస్తే గుండ్రంగా మచ్చ పడేది, అదే సంతకం. వద్దనాలంటే రెండు మచ్చలు. అలా నడిపిస్తే పార్కు ఎలా నడిచిందనుకున్నావ్? స్వీడన్ వాళ్లొచ్చారు చూసిపోదామని. వాళ్ల వెనకే నార్వే వాళ్లు, జర్మనీ వాళ్లు. ప్రతి పార్కు నుంచీ అధికారులే. వచ్చినవాడల్లా ఓ చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి పార్కులో నాలుగు వేల మంది అధికారులు, పదకొండు మంది జనం. ఆ పదకొండు మందికీ ఒక్కొక్కరికి మూడొందల అరవైమంది వడ్డిస్తున్నారు. భరించలేక వాళ్లు కూడా కౌంటర్ల వెనక్కి దూరి ఏప్రన్లు కట్టుకున్నారు. అప్పుడు ఎవడు జనమో, ఎవడు పనివాడో, ఎవడు అధికారో తెలిసే దారి లేకుండా పోయింది. ఒకడు 'ఇక్కడ పై అధికారెవరు?' అని అరిస్తే నాలుగు వేల మంది 'నేనే' అన్నారు, ఒక్కడు మాత్రం 'నాకు తెలీదు' అన్నాడు. వాణ్ణి పట్టుకుని ఏ పని చేస్తావని అడిగితే దారి తప్పి వచ్చిన పోస్ట్‌మేన్."

విబెకె కాఫీ చల్లారిపోయింది. ఇప్పుడైతే ఆమెకి ఖాయంగా అనిపించింది, ఇది తనమీదే అని. నువ్వు పైనే ఉండు, దిగితే ఇదే గతి అంటున్నాడు. సరే, అలాగే రాద్దాం అనుకుంది. ఫోను చేతిలోకి తీసుకుంది.

"కానీ ఐనార్‌ని మాత్రం ఏమీ అనకూడదు," అన్నాడు టోర్‌కిల్, గొంతు తగ్గించి. "ఆయనొక్కడే నిజంగా పనిచేశాడు."

ఆమె ఫోను మళ్లీ జేబులో పెట్టేసింది.

"ఆఖరి రోజు ఏం జరిగిందో చెబితే నమ్మరు. ఆ గొడవంతా చూసి ఐనార్‌కి విసుగొచ్చింది. మీట మొత్తం కిందికి లాగాడు. రాట్నం వేగం అందుకుంది. ఇంకా అందుకుంది. నేల వదిలేసింది. అరుస్తాడేమోనని చూస్తున్నా, ఏం లేదు, నిదానంగా టికెట్లు చింపుకుంటున్నాడు. ఇరవై ఆరు గుర్రాలూ చెట్ల మీదికి లేచాయి. సముద్రపు పాయ, మన ఫ్యోర్డ్ దాటాయి. నార్వేలో ఒక కొండ మీద దిగి గుర్రాలకి నీళ్లు పట్టాడు."

"చెక్క గుర్రాలకి," అన్నాడు యెప్పె.

"అంత దూరం ఎగిరితే చెక్కకైనా దాహం వేస్తుందయ్యా. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిరిగొచ్చి అదే చోట దిగింది. ఎందుకంటే పన్నెండున్నరకి నా భోజన విరామం, అది పోగొట్టడం ఆయనకి ఇష్టం లేదు. అలాంటి మనిషి."

"సాక్ష్యం ఏదైనా ఉందా?" అన్నాడు యెప్పె. అది ఆట పట్టించడానికి అడిగిన మాటే. సాక్ష్యం ఉంటుందని ఎవరనుకుంటారు?

టోర్‌కిల్ లోపలి జేబులోంచి పర్సు తీశాడు. అందులోంచి, మడతల దగ్గర చిరిగి టేపు అంటించిన ఓ పోస్టుకార్డు తీశాడు. "నేను డైరెక్టర్‌గా ఉంటూనే రాట్నం దగ్గర కూడా పనిచేశాను. రెండు చోట్లా. దానికిదే సాక్ష్యం. చదువమ్మాయ్, పైకే చదువు."

విబెకె చదివింది. ఆమెది పెద్ద గొంతు కాదు, వానలో అందరూ కాస్త ముందుకు వంగారు.

"ప్రియమైన టోర్‌కిల్, నీ పేరు కోటు మీద చూసి రాస్తున్నాను. బుధవారం నాడు మా అబ్బాయి బూడిద రంగు గుర్రం ఎక్కి, భయంతో బిగుసుకుపోయి, దిగనూ లేక తిరగనూ లేక ఉంటే నువ్వు రాట్నం ఖాళీ చేయించావు. వాడి కాలు పట్టుకుని పక్కనే నడుస్తూ ముప్పై ఒక్క చుట్లు తిప్పావు. వాడికి నాలుగేళ్లు. ఇప్పటిదాకా మాట్లాడలేదు. బస్సులో ఇంటికొస్తూ 'మళ్లీ' అన్నాడు. కిర్‌స్టెన్, హోర్సెన్స్ నుంచి. జులై ఇరవై నాలుగు."

వాన చప్పుడు ఉన్నట్టుండి పెద్దదైనట్టనిపించింది. ఇంతసేపూ అన్నీ అబద్ధాలే విన్న చెవులకి ఇది నిజమని ఎలా తెలిసిందో గానీ, తెలిసింది. యెప్పె టోపీ తీసి తల గోక్కున్నాడు.

బోదిల్ చేతిలో పటకారు పక్కన పెట్టింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇన్నేళ్లుగా వింటున్నాను గానీ, ఆ కార్డు నాకెప్పుడూ చూపించలేదేం టోర్‌కిల్? జులై ఇరవై మూడు, బుధవారం. ఆ రోజు నువ్వెక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను. రాట్నం దగ్గర."

"ఆసుపత్రిలో ఉన్నావ్. అపెండిక్స్ పగిలి రాట్నం మెట్ల మీదే కూలబడ్డావ్. అంబులెన్స్ ఎక్కించింది నేను. పందొమ్మిది రోజులు మంచం దిగలేదు నువ్వు. నేను వచ్చి చూస్తే గొట్టాలతో పడుకుని, నర్సులకి ఏవో కోతలు కోస్తున్నావ్."

టోర్‌కిల్ విబెకె చేతిలోంచి కార్డు తీసుకున్నాడు. తర్వాత అడిగిన మాట కోతలరాయుడి గొంతులో రాలేదు. "మరి కార్డు నా పేరు మీద ఎందుకొచ్చింది, బోదిల్?"

"కోటు మీద నీ పేరుంది కాబట్టి. కోటు లోపల ఉన్నది ఐనార్."

యెప్పె బల్ల మీంచి సగం లేచాడు.

"ఆ వేసవిలో అప్పటి యజమానులు రాట్నం తీసేసి అక్కడ పిజ్జా కొట్టు పెట్టాలని చూస్తున్నారు," అంది బోదిల్. "మనిషి లేక రాట్నం రెండు రోజులు ఆగితే చాలు, అదే సాకు. రాట్నం పోతే నువ్వూ పోతావ్. అందుకని ఐనార్ పొద్దున్నే నీ అలమరా తెరిచి నీ ఎర్రకోటు వేసుకున్నాడు. కోటు చేతులు మోచేతుల దగ్గరికే వచ్చాయి ఆయనకి. మధ్యాహ్నం రెండింటిదాకా టోర్‌కిల్, ఆ తర్వాత టై కట్టుకుని ఐనార్. పందొమ్మిది రోజులూ అంతే. సెలవుల్లో పనికొచ్చిన కాలేజీ వాళ్లెవరో నడిపారని నీకు చెప్పమన్నాడు. నిజం చెబితే గొట్టాలు పీక్కుని వచ్చేస్తావని భయం."

"బాగా తిప్పేవాడా?" అని అడిగింది విబెకె. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

"ఘోరంగా తిప్పేవాడు. సంగీతం పెట్టడం రోజూ మర్చిపోయేవాడు. నేను ఇక్కణ్ణుంచి 'పాట, పాట' అని అరిచేదాన్ని. ఆ కుర్రాణ్ణి తిప్పిన రోజైతే బయట ఆగినవాళ్లు కొట్టినంత పనిచేశారు. ఒకాయన వేలు చూపించి 'నీ పై అధికారిని పిలు' అన్నాడు. ఐనార్ 'ఆయన ఇప్పుడు ఆఫీసులో లేరండి' అన్నాడు."

యెప్పె పకపకా నవ్వాడు. విబెకె కూడా నవ్వింది. నవ్వుతూండగానే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

టోర్‌కిల్ నవ్వలేదు. కార్డుని మడతల మీదే జాగ్రత్తగా మడిచాడు. "ఆగస్టులో వచ్చింది ఇది. నేను చేయలేదని నాకు తెలుసు. ఎవరు చేశారో అడుగుదామనుకున్నా. అడిగితే తీసేసుకుంటారేమోననిపించింది. మొదట్లో చిన్నగానే చెప్పేవాణ్ణి, కార్డు చూపించుకోవడానికి. కార్డు చూపిస్తే తేదీ చూస్తారని భయమేసి, కథొక్కటే చెప్పడం మొదలెట్టాను. అది రానురాను పెరిగింది. ఇవాళెందుకు తీశానో నాకే తెలీదు."

"నూనెగుడ్డ?" అంది విబెకె. "అదైనా నిజమేనా?"

"ఇద్దామనుకున్నాను. ప్రతిరోజూ అనుకునేవాణ్ణి. ఇవ్వలేదు." కార్డుని పర్సులో పెడుతూ, "ఐనార్ నాకు ఒక్కమాట చెబితే ఏం పోయేది?" అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేనూ చెప్పలేదు. ఆయన పోయి రెండు చలికాలాలైంది, ఇంక చెప్పినా ఏమీ అనుకోడు," అంది బోదిల్. "పైగా నువ్వు ఇవాళ ఆయన్ని నార్వే పంపించేశావ్. అసలు చేసింది ఏమిటో ఒకరికైనా తెలియాలి కదా."

"అదే నేననేది," అన్నాడు యెప్పె. చాలాసేపటికి అతను తలెత్తి విబెకె వైపు తిన్నగా చూశాడు. "ఎవరికీ తెలీకపోతే ఏం లాభం? తొమ్మిదేళ్లుగా ఇక్కడున్నాను, పైనుంచి ఒక్కడూ ఎప్పుడూ దిగిరాలేదనే అనుకుంటున్నాను. ఆయన కనబడేలా చేసుంటే ఆయన తర్వాత వచ్చినవాళ్లు కూడా చేసేవాళ్లేమో."

"కనబడేలా చేసుంటే నా ఉద్యోగం ఉండేది కాదు," అన్నాడు టోర్‌కిల్.

ఇద్దరూ విబెకెని చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. ఆమె దగ్గర తీర్పు లేదు. వచ్చేటప్పుడున్న ప్రశ్న అలాగే ఉంది, దానికి ఇప్పుడు చేతులూ కాళ్లూ వచ్చాయి. ఆమె బోదిల్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. దిగాలా వద్దా?"

"నాకు తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని. ఐనార్ ఆ ప్రశ్న అడగలేదమ్మా. రాట్నం దగ్గర మనిషి లేడు, ఆయన వెళ్లాడు."

విబెకె కాఫీ కప్పు పక్కన పెట్టింది. తర్వాత యెప్పెతో అంది, "ఆదివారం నీ దగ్గర మనిషి ఉన్నాడు. నువ్వున్నావ్. నేనొచ్చి నీ పని నిన్ను చేసుకోనివ్వలేదు."

"గేటు తెరిచింది నేనే."

"అవును. పక్కన నిలబడి నీ చూపు గేటు మీద లేకుండా చేసింది నేను. ఆ కాగితం మీద ఒక్క పేరే ఉంది. సోమవారం కొత్త కాగితం రాస్తాను, నా పేరు కూడా ఉంటుంది, నాదే ముందు."

యెప్పె తన ముందున్న, సాసేజ్‌లోకి నంజుకునే ఆవాల ముద్ద డబ్బా ఆమె వైపు జరిపాడు.

ఆమె ఫోను తీసి, 'శనివారం పనిచేస్తాను, బ్యాడ్జి వద్దు, ఫొటోలు వద్దు' అని రాసింది. యెప్పె మాట గుర్తొచ్చి ఫొటోల ముక్క చెరిపేసింది. టోర్‌కిల్ మొహం చూసి మళ్లీ రాసింది. మూడోసారి చెరుపుతుంటే బోదిల్ కిటికీలోంచి అంది.

"శనివారం వంటశాలలో గిన్నెలు కడిగేచోట ఇద్దరు తక్కువ. పదింటి నుంచి రెండింటిదాకా. ఆలోచించేదేదో అక్కడ ఆలోచించుకో."

విబెకె ఉన్నదంతా కొట్టేసి, 'శనివారం గిన్నెల దగ్గర ఉంటాను. అక్కడ ఫొటోలు తీసేంత చోటు లేదు. మిగతా శనివారాల సంగతి నాకింకా తెలీదు' అని రాసి, మళ్లీ చదువుకోకుండా పంపేసింది. డైరెక్టరన్నవాళ్లు రాయాల్సిన జవాబు కాదని తెలుస్తూనే ఉంది. పంపాక మాత్రం ఆకలేసింది. చల్లారిన సాసేజ్‌ని ఆవాల ముద్దతో మొత్తం తినేసింది.

వాన సన్నగిల్లింది. అవతల రంగులరాట్నం దగ్గర ఓ అమ్మమ్మ, ఎర్ర బూట్లేసుకున్న మనవరాలు ఎదురుచూస్తూ నిలబడ్డారు. టోర్‌కిల్ బల్ల పట్టుకుని లేచాడు. లేవడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. కోటు గుండీలు పెట్టుకుని, రేకుల అంచుదాకా వెళ్లి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు. ముగ్గురూ ఆయన ఏమంటాడోనని చూస్తున్నారు.

"ఏదేమైనా, ఒక్క సంగతి ఆలోచించండి," అన్నాడు. గొంతు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు, అయినా గడ్డం పైకెత్తాడు. "పందొమ్మిది రోజులు ఆసుపత్రి మంచం మీద పడుకుని, అక్కణ్ణుంచే రంగులరాట్నం తిప్పినవాడు ఈ దేశంలో ఇంకొకడున్నాడేమో కనుక్కోండి."

ఎవరూ కాదనలేదు. ఆయన బురదలో నిదానంగా అడుగులేసుకుంటూ ఎర్ర బూట్ల పిల్ల దగ్గరికి వెళ్లాడు.